వారానికో పనిచేసే ముక్క: చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్

అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న భాగాలుగా కడుతూ, పూర్తయిన ప్రతి భాగాన్నీ వాడేవారికి చూపించి, వారు చెప్పినదాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకునే పద్ధతి. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్, పొట్టిగా ఎక్స్‌పీ, ఈ కుటుంబంలోదే. అదే కుటుంబంలోని మరో పద్ధతి స్క్రమ్, ఒక బృందం తన పనిని ఎలా పంచుకోవాలో, ఎప్పుడెప్పుడు సరిచూసుకోవాలో చెబుతుంది. ఎక్స్‌పీ ఇంకో అడుగు ముందుకేసి కోడ్ ఎలా రాయాలి, ఎలా పరీక్షించాలి, నలుగురు రాసినదాన్ని ఎలా కలపాలి అన్నది కూడా చెబుతుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి ఇది అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది చివరి సంవత్సరం ప్రాజెక్టులో.

ఆ ప్రాజెక్టు చాలా బృందాల్లో ఒకే తీరుగా చెడుతుంది. మొదటి నెల టైటిల్ వెతకడంలో గడుస్తుంది. రెండో నెల అబ్‌స్ట్రాక్ట్‌కు, యూఎంఎల్ బొమ్మలకు, పీపీటీకి సరిపోతుంది. తర్వాత నలుగురూ నాలుగు మాడ్యూళ్లు పంచుకుని ఎవరింటికి వారు వెళ్తారు. ఫైనల్ రివ్యూకు వారం ముందు అన్నీ ఒకచోట చేర్చితే లాగిన్ పేజీ తప్ప ఏదీ తెరుచుకోదు. ఆ కంగారులోనే రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కునే ఆలోచన పుడుతుంది. ఇది సోమరితనమా? కాదు. ఆ నలుగురూ కష్టపడ్డారు, తప్పు ఎక్కడ ఉందో తెలిసేసరికి దిద్దుకునే గడువు మిగల్లేదు, అంతే. తప్పును నాలుగు నెలల తర్వాత కాకుండా నాలుగు రోజుల్లో బయటపెట్టడమే ఎక్స్‌పీ చేసే పని. అది నేర్చుకోవడానికి గొప్ప ప్రతిభ అక్కర్లేదు, కొన్ని అలవాట్లు చాలు.

ఈ పద్ధతి పుట్టింది జీతాల లెక్కలో

ఎక్స్‌పీ అమెరికాలోని క్రైస్లర్ కార్ల కంపెనీలో, ఉద్యోగుల జీతాలు లెక్కించే ఒక ప్రాజెక్టులో రూపు దిద్దుకుంది. దాన్ని పొట్టిగా సీ3 అనేవారు. 1996లో కెంట్ బెక్ దాన్ని గాడిలో పెట్టే పనికి వచ్చారు. రాన్ జెఫ్రీస్ కోచ్‌గా చేరారు. 1997లో ఆ ప్రోగ్రాం సుమారు పది వేల మంది జీతాలు లెక్కించడం మొదలుపెట్టింది. ఆ అనుభవం నుంచి బెక్ రాసిన పుస్తకం 1999లో వచ్చింది. క్రైస్లర్ మాత్రం 2000లో ఆ ప్రాజెక్టును ఆపేసింది. అంటే ఎక్స్‌పీ మంత్రం కాదు, పాటించినంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉండదు. ప్రాజెక్టు ఆగిపోయినా అందులోని అలవాట్లు ప్రపంచమంతా పాకడానికి కారణం, అవి వేరే చోట్ల కూడా ఉపయోగపడటమే.

2001 ఫిబ్రవరి 11 నుంచి 13 వరకు యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిశారు. బెక్, జెఫ్రీస్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, స్క్రమ్‌కు చెందిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ వారిలో ఉన్నారు. అక్కడే నాలుగు విలువలతో అజైల్ మ్యానిఫెస్టో తయారైంది, దాని పన్నెండు సూత్రాలు ఆ తర్వాత ఖరారయ్యాయి. పరీక్షకు వాటిని కంఠస్థం చేయవచ్చు. ప్రాజెక్టుకు కావలసింది మాత్రం వాటి వెనక ఉన్న ఒక్క ప్రశ్న: ఈ వారం రాసినది ఎవరికైనా పనికొచ్చిందా?

వాడుకరి వీధి చివరే ఉన్నారు

ఎక్స్‌పీలో అమలు చేయడానికి పెద్ద కంపెనీలు కూడా తంటాలు పడే నియమం ఒకటుంది: సాఫ్ట్‌వేర్ వాడబోయే మనిషి బృందానికి అందుబాటులో ఉండాలి. బెంగళూరులో కూర్చుని వేరే ఖండంలోని కస్టమర్‌కు కోడ్ రాసే ఇంజనీరుకు ఆ అవకాశం అరుదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని విద్యార్థికి అది నడిచివెళ్లేంత దూరంలో ఉంది.

ఆ జిల్లాలోని ధర్మవరంలో భౌగోళిక గుర్తింపు పొందిన పట్టుచీరల నేత ఉంది. మగ్గాలకు పట్టు, జరీ ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్లు, చీరల దుకాణాలు, రంగుల అద్దకం చేసేవారు ఉన్నారు. వారిలో ఎందరో ఇప్పటికీ లెక్కలు చిట్టా పుస్తకంలోనే రాసుకుంటారు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. రైతు తెచ్చిన గూళ్లు రకాన్నిబట్టి, నాణ్యతనుబట్టి వేర్వేరు ధర పలుకుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం ఉంది. అలాంటి పరిశ్రమ ఉన్నచోట షిఫ్టు పనివారిని నమ్ముకుని మెస్‌లు, అద్దె గదులు, వ్యాన్లు నడిపేవారు ఉంటారు. వీరిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక చిన్న లెక్క తలనొప్పిగా ఉంటుంది. ఆ తలనొప్పే ప్రాజెక్టు.

లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అనే టైటిళ్లు ఎందుకు నీరసంగా తయారవుతాయి? ఆ బృందం ఏ లైబ్రేరియన్‌తోనూ అరగంట మాట్లాడి ఉండదు కాబట్టి. అలా మాట్లాడితే అదే టైటిల్ కూడా మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఇక్కడినుంచి అధ్యాయమంతా ఒక ఊహా బృందం ఉదాహరణగా నడుస్తుంది. నలుగురు విద్యార్థులు, ధర్మవరంలో ఒక మాస్టర్ వీవర్, ఆయన దగ్గర పనిచేసే కొన్ని మగ్గాలు. కావలసింది నేతగాళ్ల కూలి, అడ్వాన్సుల లెక్క. ఎక్స్‌పీ పుట్టింది కూడా జీతాల లెక్కలోనే కనుక ఉదాహరణ సరిగ్గా అతుకుతుంది.

పది అడుగులు

1. టైటిల్ తర్వాత, మనిషి ముందు. మొదటి వారంలో కోడ్ రాయకూడదు, డేటాబేస్ టేబుళ్లు గీయకూడదు. వాడబోయే మనిషి పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడాలి. "మీకు ఏం సాఫ్ట్‌వేర్ కావాలి?" అని అడిగితే "మీకు తెలిసింది చేయండి" అనే జవాబు వస్తుంది. జరిగిన పని గురించి అడిగితే విషయం దొరుకుతుంది.

"పోయిన వారం కూలి ఎట్ల లెక్క కట్టినారన్నా?"

"కూలి చీర లెక్కన. కానీ సరుకు ఇచ్చేది పడుగు లెక్కన కదప్పా. ఒక పడుగులో ఎన్నో చీరలు దిగుతాయి."

ఈ రెండు మాటలు వినని బృందం ఒక ఆర్డరుకు ఒక చీర అని టేబుల్ గీసేది. పడుగు ఒక్కటే, దాని మీద దిగే చీరలు అనేకం, కూలి చీర లెక్కన కట్టాలి అన్న సంగతి నాలుగో నెలలో తెలిస్తే మొత్తం తిరగరాయాలి. మొదటి వారంలో తెలిస్తే కాగితం మీద ఒక గీత మారుతుంది.

2. కోరికలను కార్డుల మీద రాయాలి. ఒక్కో కోరికకు ఒక్కో చిన్న అట్టముక్క. దీన్నే యూజర్ స్టోరీ అంటారు. అందులో మూడు సంగతులు కనబడాలి: ఎవరికి, ఏమి, ఎందుకు. "ఒక నేతగాడికి ఈ వారం ఎంత ఇవ్వాలో మాస్టర్ వీవర్‌కు తెలియాలి, శనివారం డబ్బు సిద్ధం చేసుకోవడానికి." ఇది స్టోరీ. "అడ్మిన్ మాడ్యూల్" స్టోరీ కాదు, దాన్ని ఎవరూ వాడరు. కార్డు వెనకవైపు, ఏం కనిపిస్తే ఆ పని పూర్తయినట్టో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. కార్డులో పట్టనంత వివరం ఉంటే దాన్ని మాటల్లో తేల్చుకోవాలి. కార్డు ఆ సంభాషణను గుర్తుచేయడానికే.

3. ముందు ఏది కావాలో వాడుకరి చెప్పాలి, ఎంత సమయం పడుతుందో బృందం చెప్పాలి. ఎక్స్‌పీలో ప్రణాళిక ఈ రెండు హక్కుల మీద నిలబడుతుంది. కార్డులన్నీ బల్ల మీద పరిచి, వాటిలో ముందుగా కావలసినవాటిని వాడుకరినే ఏరమనాలి. ప్రతి కార్డుకూ ఒకటి, రెండు, మూడు పాయింట్లు అని బరువు వేసే పని బృందానిది. మూడు దాటితే ఆ కార్డును చీల్చాలి. మొదటి వారం అంచనా తప్పుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఈ వారం ఐదు పాయింట్ల పని పూర్తయితే వచ్చే వారానికి ఐదే ఒప్పుకోవాలి. పోయిన వారం చేసినదానికి మించి మాట ఇవ్వకపోవడమే అంచనాలో అసలు కిటుకు.

4. మొదటే ఒక సన్నని దారి చివరిదాకా వేయాలి. చాలా బృందాలు ముందు డేటాబేస్ మొత్తం, తర్వాత సర్వర్ మొత్తం, చివరికి స్క్రీన్లు అనుకుంటాయి. అలా అయితే చివరి నెలదాకా చూపించడానికి ఏమీ ఉండదు. అందుకు బదులు ఒక పేరు, ఒక సంఖ్య తీసుకునే ఒక్క స్క్రీన్, దాన్ని దాచే ఒక్క టేబుల్, మొత్తం చూపించే ఒక్క పేజీ చేయాలి. అందం అక్కర్లేదు. లాగిన్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. నేతగాడి పేరు కొట్టి, దిగిన చీరల సంఖ్య వేస్తే కూలి కనబడాలి. ఆ దారి ఒకసారి తెరుచుకుంటే మిగిలినవన్నీ దాన్ని వెడల్పు చేసే పనులే.

5. టెస్ట్ ముందు, కోడ్ తర్వాత. రాయబోయే కోడ్ ఏ జవాబు ఇవ్వాలో ముందే ఒక చిన్న టెస్ట్‌గా రాయాలి. అది ఫెయిల్ కావాలి. తర్వాత దాన్ని పాస్ చేయించేంత కోడ్ మాత్రమే రాయాలి. జావాలో జేయూనిట్, పైథాన్‌లో పైటెస్ట్ దీనికి సరిపోతాయి. జేయూనిట్‌ను మొదట రాసింది కెంట్ బెక్, ఎరిక్ గామా.

ఉదాహరణకు చీరకు 5,000 కూలి, దిగినవి రెండు, అడ్వాన్సులో కోసుకోవాల్సిన వాయిదా 1,500 అనుకుంటే 8,500 రావాలి. ఇది మొదటి టెస్ట్. రెండోది: ఈ వారం ఒక్క చీరా దిగకపోతే? కూలి సున్నా, వాయిదా 1,500. ప్రోగ్రాం మైనస్ 1,500 చూపించాలా, సున్నా చూపించి వాయిదాను వచ్చే వారానికి జరపాలా? ఇది విద్యార్థి నిర్ణయించాల్సిన సంగతి కాదు. వెంటనే ఫోను చేసి అడగాలి. కోడ్ రాయకముందే ఇలాంటి ప్రశ్నను పైకి తేవడమే టెస్ట్ చేసే మేలు. బగ్ దొరికిన ప్రతిసారీ కూడా ముందు ఆ బగ్‌ను పట్టుకునే టెస్ట్ రాసి, తర్వాతే దిద్దాలి. అలా చేస్తే అదే తప్పు మళ్లీ చడీచప్పుడు లేకుండా దూరలేదు.

6. ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు. దీన్ని పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఒకరు టైపు చేస్తారు, వారు డ్రైవర్. పక్కన ఉన్నవారు నావిగేటర్, తప్పులు చూస్తూ తర్వాతి అడుగు ఆలోచిస్తారు. అరగంటకోసారి కీబోర్డు మారాలి, రెండు మూడు రోజులకోసారి జోడీ మారాలి. ఇద్దరు ఒకే పని చేస్తే సమయం వృథా కాదా? నలుగురిలో ఒక్కరికే కోడ్ వచ్చి మిగిలిన ముగ్గురూ డాక్యుమెంట్ పనికి పరిమితమయ్యే బృందాన్ని తలుచుకుంటే జవాబు దొరుకుతుంది. ఆ ఒక్కరికి జ్వరం వస్తే ప్రాజెక్టే ఆగుతుంది, వైవాలో మిగిలిన ముగ్గురూ నీళ్లు నములుతారు. జోడీగా రాస్తే ప్రతి లైనూ కనీసం ఇద్దరికి తెలుసు.

జోడీలో కోడ్ బాగా వచ్చినవారు కీబోర్డు తక్కువగా పట్టుకోవాలి. "అట్ల కాదు, నువ్వు జరుగు" అనే మాట జోడీని చంపేస్తుంది. "ఈ లూప్ ఖాళీ లిస్టు వస్తే ఏం చేస్తుంది?" అనే ప్రశ్న దాన్ని బతికిస్తుంది. బృందంలో ఒకరిది హిందూపురం, ఇంకొకరిది ధర్మవరం అయితే రైలు వేళలు చూసుకుని కాలేజీ ల్యాబ్‌లో కూర్చునే గంటలను వారం మొదట్లోనే ఖాయం చేసుకోవాలి. సెలవు రోజుల్లో స్క్రీన్ షేర్ చేసుకుంటూ ఫోన్‌లో మాట్లాడుకున్నా పని నడుస్తుంది.

7. రాసినదాన్ని రోజూ కలపాలి. నలుగురి కోడ్ రోజుకు ఒక్కసారైనా ఒకచోట చేరి, టెస్టులన్నీ నడవాలి. దీన్నే కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అంటారు. గిట్ వాడాలి. పెన్‌డ్రైవ్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అనే ఫోల్డర్లు మోసే అలవాటు మొదటి రోజే మానాలి. బ్రాంచ్ తెరిస్తే అది ఒకటి రెండు రోజుల్లో మెయిన్‌లో మెర్జ్ అయిపోవాలి. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సదుపాయంతో పుష్ చేసినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచేలా పెట్టుకోవచ్చు. టెస్ట్ ఫెయిలైతే కొత్త పని ఆపి ముందు దాన్ని సరిచేయాలి. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ఆపి అతుకు వేశాకే ముందుకు నేస్తాడు. నేస్తూ పోతే లోపం చీరంతా పాకుతుంది, విప్పి తీయడం ఎవరి తరమూ కాదు.

వాడుకరి ఇచ్చిన నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పుల వివరాలు గిట్‌హబ్‌లో ఎక్కించకూడదు. టెస్టులకు కల్పిత పేర్లు వాడాలి. నమ్మి చిట్టా చూపించినవారి పట్ల ఇది కనీస బాధ్యత.

8. ఇవాళ్టికి చాలినంతే కట్టాలి, కట్టినదాన్ని శుభ్రంగా ఉంచాలి. "రేపు వెయ్యి మగ్గాలు వస్తే?" అని ఊహించి మైక్రోసర్వీసులు, రెండు డేటాబేస్‌లు పెట్టడం విద్యార్థి బృందాల్లో తరచూ కనబడే మోజు. ఆ మాస్టర్ వీవర్ దగ్గర పది మగ్గాలే ఉంటే పది మగ్గాలకు సరిపడే కోడ్ చాలు. సరళంగా ఉన్న కోడ్‌ను రేపు మార్చడం సులువు. అదే సమయంలో ఒకే లెక్క రెండు చోట్ల కనబడితే ఒకచోటికి తేవాలి, అర్థంకాని పేర్లు మార్చాలి, పొడవాటి ఫంక్షన్లు విడగొట్టాలి. బయటికి కనిపించే పని మారకుండా లోపలి అమరికను బాగుచేయడమే రీఫ్యాక్టరింగ్. మార్టిన్ ఫౌలర్ 1999లో దీని మీదే ఒక పుస్తకం రాశారు. టెస్టులు ఉన్న కోడ్‌ను భయం లేకుండా మార్చవచ్చు. లేని కోడ్‌ను ముట్టుకోవడానికే ధైర్యం చాలదు. ఐదో అడుగు వదిలేస్తే ఎనిమిదోది వేయలేకపోవడానికి కారణం అదే.

9. వారం చివర చూపించాలి, కీబోర్డు వారి చేతికివ్వాలి. ప్రతి వారం ఒక రోజు ఖాయం చేసుకుని పనిచేసే ప్రోగ్రాంతో వాడుకరి దగ్గరికి వెళ్లాలి. పీపీటీ వద్దు. విద్యార్థి క్లిక్ చేసి చూపిస్తే అన్నీ బాగున్నట్టే కనబడతాయి. వాడుకరే క్లిక్ చేస్తే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది. బటన్ మీద ఇంగ్లీషు మాట అర్థం కాలేదా? తెలుగులో పెట్టాలి. హిందూపురంలో కన్నడం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాడుకరి అడిగితే కన్నడంలో కూడా పెట్టాలి. ఫోన్‌లో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయా? పెంచాలి. వారు వద్దన్న ఫీచర్‌ను ఎంత కష్టపడి చేసినా తీసేయాలి. ఆ ధైర్యాన్ని ఎక్స్‌పీ తన విలువల్లో ఒకటిగా లెక్కిస్తుంది. తిరిగొచ్చాక బృందం పావుగంట కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి: ఏది బాగా జరిగింది, ఏది ఇబ్బంది పెట్టింది, వచ్చే వారం ఏ ఒక్క అలవాటు మార్చాలి?

10. వేళకు ఆపాలి. ఎక్స్‌పీ మొదటి పుస్తకంలో వారానికి 40 గంటలు అనే నియమం ఉంది. విద్యార్థికి ఇతర సబ్జెక్టులు, ల్యాబ్‌లు, ప్లేస్‌మెంట్ సన్నాహాలు ఉంటాయి కనుక ఆ సంఖ్య పట్టింపు కాదు, దాని వెనక ఉన్న మాట ముఖ్యం. అలసిన తలతో రాసిన కోడ్‌ను మర్నాడు దిద్దుకోవాల్సి వస్తుంది. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు గంటలు క్రమం తప్పకుండా కూర్చున్న బృందం చివరి పది రాత్రుల జాగారం నుంచి బయటపడుతుంది.

పన్నెండు వారాలకు ఒక లెక్క

సెమిస్టర్‌లో పన్నెండు వారాలు చేతికి దొరికితే ఇలా పంచుకోవచ్చు.

- 1వ వారం: వాడుకరిని కలవడం, పని చూడటం, పదిహేను ఇరవై కార్డులు రాయడం. గిట్ రిపాజిటరీ తెరవడం.
- 2వ వారం: సన్నని దారి. పేరు, చీరల సంఖ్య, కూలి. ఒక్క టెస్ట్ అయినా నడిచేలా పెట్టడం.
- 3, 4 వారాలు: అడ్వాన్సులు, వాయిదాలు. లెక్క తప్పితే మాట పడే భాగం ఇదే కనుక టెస్టులు ఎక్కువగా ఇక్కడే ఉండాలి.
- 5వ వారం: పడుగు ఇచ్చిన తేదీ, ఇచ్చిన పట్టు, జరీ బరువు.
- 6వ వారం: మాస్టర్ వీవర్ దగ్గర నిజంగా వాడి చూడటం. చిట్టా పుస్తకం పక్కన పెట్టి రెండు లెక్కలూ సరిపోల్చడం.
- 7 నుంచి 10 వారాలు: వాడకంలో బయటపడిన కోరికలు. వాడుకరి చెప్పిన వరుసలో.
- 11వ వారం: కొత్త ఫీచర్లు బంద్. దిద్దుబాట్లు, రికార్డు రాత.
- 12వ వారం: అప్పగింత, వైవా సన్నాహం.

ఆరో వారంలోనే నిజమైన వాడకం మొదలు కావాలన్నది ఇందులో ప్రాణం. ఎక్కడైనా ఒక వారం జారితే గడువు జరపకూడదు, తక్కువ అవసరమైన కార్డును తీసేయాలి. పదో వారంలో పని ఆగిపోయినా చేతిలో వాడదగిన ప్రోగ్రాం ఒకటి ఉండేలా ప్రతి వారం ముగియాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- పేరుకు స్క్రమ్, పనికి పాత పద్ధతి. స్క్రమ్‌లో పనిని విడగొట్టే చిన్న గడువును స్ప్రింట్ అంటారు. రిపోర్టులో నెల రోజుల డిజైన్‌ను మొదటి స్ప్రింట్, నెల రోజుల కోడింగ్‌ను రెండో స్ప్రింట్ అని రాస్తారు. స్ప్రింట్ చివర వాడదగిన ముక్క లేకపోతే అది స్ప్రింట్ కాదు.
- డాక్యుమెంట్ అక్కర్లేదనుకోవడం. అజైల్ పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు పెద్దపీట వేస్తుంది, రాతను కొట్టేయదు. కాలేజీ అడిగే ఎస్ఆర్‌ఎస్, బొమ్మలు, రికార్డు తప్పవు. ఒక్కో వారం కార్డులు పూర్తికాగానే ఆ వారానికి సంబంధించిన రెండు పేజీలు రాస్తే చివర్లో భారం ఉండదు.
- గైడ్‌ను వాడుకరిగా తీసుకోవడం. గైడ్ పద్ధతిని సరిదిద్దుతారు, మార్కులు వేస్తారు. కూలి లెక్క సరిపోయిందో లేదో చెప్పగలిగేది మాత్రం మాస్టర్ వీవరే. ఇద్దరి మాటా వినాలి, ఇద్దరి పాత్రలూ కలపకూడదు.
- ఒక్కరి మీదే ఆధారపడటం. యజమాని తీరిక లేనివారైతే లెక్కలు చూసే గుమాస్తానో, ఇంట్లో చదువుకున్న పిల్లలనో రెండో మనిషిగా ముందే అడిగి పెట్టుకోవాలి. కూలి అందుకునే నేతగాడిని కూడా ఒకసారి అడగాలి. ఆయనకు చీటీలో ఏం కనబడాలన్నది యజమానికి తట్టకపోవచ్చు.
- టెస్టులు చివర్లో రాద్దామనుకోవడం. చివర్లో సమయం ఉండదు. పైగా అప్పుడు రాసిన టెస్ట్, కోడ్ ఇస్తున్న జవాబునే ఒప్పు అని నిర్ధారిస్తుంది.
- అన్ని నియమాలూ మొదటి రోజే పట్టుకోవడం. వారం వారం ప్రదర్శన, టెస్టులు, రోజువారీ మెర్జ్, ఈ మూడింటితో మొదలుపెడితే చాలు. జోడీ పని రెండో వారంలో, రీఫ్యాక్టరింగ్ టెస్టులు పెరిగేకొద్దీ వచ్చి చేరతాయి.

పట్టణం మారినా తీరు ఒక్కటే

హిందూపురం గూళ్ల మార్కెట్ కోసం చేసే బృందానికి మొదటి సన్నని దారి వేరుగా ఉంటుంది: రైతు పేరు, గూళ్ల రకం, బరువు, ధర, రావలసిన మొత్తం. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు కూడా వేరు. ఒకే రైతు తెచ్చిన గూళ్లు రెండు ధరలకు అమ్ముడైతే? డబ్బు కొంత ఇవాళ, కొంత రేపు అందితే? పెనుకొండ దగ్గర మెస్ నడిపేవారికైతే కూలి, బరువు ఏదీ అక్కర్లేదు. రేపు ఏ షిఫ్టుకు ఎన్ని ప్లేట్లు వండాలన్నది ముందురోజు రాత్రే తెలిస్తే చాలు. ఆ ఒక్క సంఖ్యను సరిగ్గా చెప్పే పేజీ, ఎవరూ తెరవని ఇరవై పేజీల డాష్‌బోర్డ్ కంటే గొప్ప ప్రాజెక్టు. మూడు చోట్లా వరుస మారదు: చూడటం, కార్డు, టెస్ట్, కోడ్, కలపడం, చూపించడం.

వైవాలో, ఇంటర్వ్యూలో

ఇలా పనిచేసిన బృందానికి వైవాలో చూపించడానికి మాటలకు మించిన సాక్ష్యం ఉంటుంది. గిట్ చరిత్రలో నలుగురి కమిట్లూ వారం వారం కనబడతాయి. కార్డుల కట్ట ఉంటుంది. కొట్టేసిన కార్డుల మీద ఎందుకు కొట్టేశారో రాసి ఉంటుంది. టెస్టులన్నీ కళ్లముందే నడుస్తాయి. "ఈ టేబుల్ ఇలా ఎందుకు?" అని ఎగ్జామినర్ అడిగితే "పడుగు ఒకటి, చీరలు అనేకం, కూలి చీరకు" అని ఎవరైనా చెప్పగలరు. బెంగళూరులో ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు కూడా అజైల్ నిర్వచనం అప్పగించేవారికంటే, వాడుకరి మాటతో డిజైన్ ఎప్పుడు మార్చారో ఉదాహరణతో చెప్పేవారి మాటకు బరువెక్కువ. ఇంగ్లీషు తడబడినా ఆ ఉదాహరణ నిలబడుతుంది, ఎందుకంటే అది సొంతంగా చేసిన పని.

అప్పగింత

మార్కులు వచ్చాక సాఫ్ట్‌వేర్‌ను వదిలేసి వెళ్లిపోతే నమ్మి వాడిన దుకాణం ఇబ్బంది పడుతుంది. కనుక చివరి వారంలో నాలుగు పనులు తప్పనిసరి. డేటా మొత్తం ఒక్క నొక్కుతో ఎక్సెల్ ఫైలుగా బయటికి వచ్చే బటన్ పెట్టాలి. బ్యాకప్ ఎలా తీసుకోవాలో తెలుగులో ఒక పేజీ రాసి, ప్రింటు తీసి ఇవ్వాలి. పాస్‌వర్డులు వాడుకరి పేరుమీదికి మార్చాలి. ఆ తర్వాత ఎవరు, ఎంతకాలం సాయం చేస్తారో నిజాయితీగా చెప్పాలి. ఎవరూ చేయలేని పరిస్థితి అయితే అదీ చెప్పి, చిట్టా పుస్తకం ఆపవద్దని సూచించాలి. జూనియర్ బృందం ఒకటి ముందుకొస్తే కోడ్, కార్డులు, టెస్టులు వారికి అప్పగించి, ఒక వారం వారితో జోడీగా కూర్చోవాలి. వారు రాసిన మొదటి టెస్ట్ పాసై, మెయిన్‌లో చేరిన రోజున ఆ ప్రాజెక్టు పూర్తయినట్టు.